నేను తెలుగు చేసిన ప్రేమ

పోయిన నెల భిలాయిలో, కోహ్కా పేటలో, మా వరమత్త ఇంటికి వెళ్ళాను. వరమత్త మా నాన్నకు ఒక్కగానొక్క చెల్లెలు. అరవై దాటినా ఒళ్ళు దాచుకోని మనిషి. నేను వెళ్ళేసరికి మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. పక్కన ఆవిడ మనవరాలు పీహూ, పదో తరగతి పిల్ల, ఫోనును గోడకు ఆనించి ఏదో పాత హిందీ సీరియల్ చూస్తోంది. ఆ వయొలిన్ల మోత చెవిన పడగానే నేను గుమ్మం పట్టుకుని నిలబడిపోయాను. కొండ మీద హవేలీ, చుట్టూ మంచు, కొవ్వొత్తి పట్టుకుని మెట్లు దిగుతున్న నల్లకోటు మనిషి. మా చిన్నతనంలో వారానికొక సాయంత్రం ఉక్కు ప్లాంటు క్వార్టర్లుండే మా సెక్టర్ 6 అంతా ఊపిరి బిగబట్టి చూసిన సీరియల్ అది. ఎవరో పుణ్యాత్ముడు భాగాలన్నీ వెతికి నెట్‌లో పెట్టాడట. "దేఖో బువా, కిత్‌నా ప్యార్ కర్తా హై!" అంది పీహూ, ఎంత ప్రేమిస్తున్నాడో చూడత్తా అని. పుట్టి పెరిగింది ఇక్కడే కనుక దానికి హిందీయే నోటికొచ్చిన భాష. తెలుగులో అన్నం అడగడం, అలగడం మాత్రం వచ్చు.

వరమత్త ఈనె తీయడం ఆపి ఫోను వైపు చెవి పెట్టింది. ఇప్పుడు ఆవిడకు హిందీ బాగా వచ్చు. కూరలవాడితో బేరమాడి వాడినే ఏడిపించేటంత వచ్చు. కాసేపు విని నా వైపు తిరిగి, "ఒలే పాపా, ఈడు అప్పుడూ ఈ మాటలే అన్నాడేటి? నువ్వు మాకు ఇలగ సెప్పలేదే!" అంది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. టీ పెడతానని చెప్పి వంటింట్లోకి జారుకున్నాను. పాలు పొంగి పొయ్యి మీద పడేదాకా చూసుకోలేదు. యాభై దాటిన మనిషిని, నాలుగు పుస్తకాలు రాసినదాన్ని, ఒక పాత సీరియల్‌కి ఇలా బెదరడమేమిటని ఎవరైనా నవ్వొచ్చు. సీరియల్‌కి కాదు. అందులోని నల్లకోటు మనిషి కంటే ఎక్కువ చెడ్డపని చేసింది నేనేమోనన్న అనుమానం నన్ను నలభై ఏళ్ళుగా వదలలేదు.

అప్పుడు నాకు పన్నెండేళ్ళు. అమ్మ తమ్ముణ్ణి కనడానికి విజయనగరం వెళ్ళింది. ఇంట్లో నాన్న, నాన్న తల్లి మామ్మ, వరమత్త, నేను. తాతయ్య పోయాక మామ్మనూ అత్తనూ నాన్న శ్రీకాకుళం దగ్గర పల్లె నుంచి తెచ్చుకున్నాడు. వచ్చి ఏడాదైనా కాలేదు, ఇద్దరికీ హిందీ ముక్క రాదు. మామ్మకు ఆ క్వార్టర్లంటేనే గిట్టేది కాదు. అన్నీ ఒకేలా ఉండే ఇళ్ళు, ఒకసారి పక్కవరసలో ఎవరింట్లోకో వెళ్ళి చెంబు కోసం వెతికింది కూడాను. ఆరేసిన బట్టల మీద ప్లాంటు ధూళి ఎర్రగా పడుతుంటే "ఈ ఊరికి సిగ్గు లేదు, ఉతికిన కోకకి మల్లీ రంగేత్తంది" అని తిట్టేది. పొద్దున్నే సిగిడీ, అదే బొగ్గుల కుంపటి, ముట్టించి రాగుల చోడంబలి కాచేది. ఆ బొగ్గుపొగ, అంబలి పులుపు, ఆవిడ చుట్ట వాసన కలిస్తే మా ఇల్లు. మామ్మ అడ్డపొగ తాగేది, అంటే చుట్ట కాలే కొస నోట్లోపల ఉంటుంది. నోరు మూసుకుని అలా గంటలు కూర్చోగలదు. మాట్లాడాలంటే చుట్ట బయటికి తీయాలి కనుక, ఊరికే మాట్లాడేది కాదు. తీసిందంటే అందరం వినాల్సిందే.

నాన్నకు హిందీ వచ్చు గాని ఆయన షిఫ్టుల్లో తిరిగే మనిషి. వారం పొద్దున, వారం మధ్యాహ్నం రెండు నుంచి, వారం రాత్రి. అందుకని మా ఇంటికి నోరు నేనే. పాలవాడితో నేను, రేషన్ షాపులో నేను, అత్తను కుట్టు క్లాసులో చేర్పించింది నేను. పెద్దవాళ్ళిద్దరు నా నోటి వైపు చూస్తూ నిలబడితే ఆ వయసులో ఎంత గర్వమో! సీరియల్ వచ్చే సాయంత్రం మరీను. ఆ వరసలో టీవీ ఉన్న ఇల్లు మాదొక్కటే. మన వైపు నుంచి వచ్చిన ఆడవాళ్ళు నలుగురైదుగురు చాప మీద, కుర్రకారు బయట కిటికీ చువ్వలు పట్టుకుని. నేను టీవీ పక్కన కూర్చుని ప్రతి మాటకీ తెలుగు చెప్పేదాన్ని. మామ్మ చుట్ట తీసి "ఏటన్నాడు?" అనేది. నేను చెప్పేదాన్ని. చుట్ట మళ్ళీ లోపలికి పోయేది.

కథ చాలా చిన్నది. దిక్కులేని ఒక పిల్ల హవేలీలో పనికి చేరుతుంది. మామ్మ హవేలీబాబు అని పేరు పెట్టిన ఆ మనిషి చనిపోయిన తన భార్యను ఆ పిల్లలో చూసుకుంటాడు. పటం వెనక నుంచి కన్నం గుండా ఆమెను చూస్తూ ఉంటాడు. వారానికొక కిటికీ చొప్పున ఆ పిల్ల గదికి ఉన్న కిటికీలన్నీ ఇటుకలతో మూయిస్తాడు. నీ కళ్ళు నన్ను తప్ప ఇంకేదీ చూడకూడదు అంటాడు. ఆ మాట నాకు బాగా అర్థమైంది. భయమూ వేసింది. అయినా చాప మీద ఆడవాళ్ళు ఆశగా చూస్తుంటే ఆ మాట చెప్పబుద్ధి కాలేదు. "ఆ అమ్మాయికి చలిగాలి తగలకుండా కిటికీలు మూయిస్తున్నాడట మామ్మా" అన్నాను. చాప అంతా నిట్టూర్చింది. "ఎంత పానం పెట్టుకున్నాడో సూడు" అంది మామ్మ. ఇక అక్కణ్ణుంచి నాకు పట్టపగ్గాల్లేవు. అతను బెదిరిస్తే నేను బతిమాలించాను, అతను గొళ్ళెం పెడితే నేను కాపలా కాయించాను. వరమత్త ఒక్కతే ఒకసారి, "పాపా, ఆ బాబు మొకం ఒకలాగుంది, నువ్వు సెప్పే మాట ఇంకొకలాగుంది" అంది. "నీకు హిందీ రాదు కదత్తా, ఊరుకో" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

కిటికీ చువ్వలు పట్టుకుని చూసేవాళ్ళలో శేఖర్ ఉండేవాడు. మన విజయనగరం వాళ్ళే గాని తాతల నాడే వచ్చి భిలాయి క్యాంప్ 1 బస్తీలో స్థిరపడ్డారు. ప్లాంటులో పర్మనెంటు ఉద్యోగం, మా వెనక వరసలో క్వార్టరు. తెలుగు వింటే అర్థమవుతుంది, మాట్లాడమంటే "బాగున్నారా" దాటి పోదు. చక్కటి మనిషి, ఇస్త్రీ చొక్కా, సైకిలు కూడా తళతళలాడేది. అందరూ టీవీ చూస్తుంటే అతను గదిలో చీకట్లో కూర్చున్న అత్తను చూసేవాడు. అది నేను కనిపెట్టాను. నా లోపల ఏకంగా సినిమా హాలే తెరుచుకుంది. మా ఇంట్లోకి ఒక ప్రేమకథ నడిచి వస్తోంది, దానికి తెలుగు చెప్పేది నేనే!

త్వరలోనే కాగితాలు రావడం మొదలైంది. అత్తను కుట్టు క్లాసుకు దిగబెట్టి నేను వచ్చే దారిలో శేఖర్ సైకిలు ఆపి, నా చేతిలో మడతపెట్టిన హిందీ కాగితం పెట్టేవాడు. నేను పెరట్లో బొప్పాయి చెట్టు కింద కూర్చుని అత్తకు చదివి చెప్పేదాన్ని. మొదటి దానిలోనే రాశాడు, నిన్న నువ్వు క్లాసు నుంచి ఏడు నిమిషాలు ఆలస్యంగా వచ్చావు, ఎందుకో నాకు చెప్పాలి అని. ఇంకొక దానిలో, గులాబీ రంగు జాకెట్టు మళ్ళీ వేసుకోకు, అందరూ చూస్తున్నారు అని. మరొక దానిలో, మీ అన్నయ్య సెకండ్ షిఫ్టు ఎప్పుడో నాకు తెలుసు, మీ వెనక తలుపు గడియ మేకు వదులుగా ఉంటుంది, మా ఇంట్లోనూ అంతే అని. అన్ని క్వార్టర్లూ ఒకే అచ్చులో పోసినవి కదా. అతనికి మా ఇంట్లో కళ్ళు మూసుకుని నడవడం వచ్చు. అది చదవగానే తల తిప్పి మా వెనక తలుపు వైపు చూశాను. కానీ అత్త ఎదురుగా కూర్చుని ఉంది. తండ్రి పోయి, ఊరు విడిచి, భాష రాని చోట అన్నగారింట్లో ఉన్న పిల్ల. చెంగు కొస వేలికి చుట్టుకుంటూ "ఏటి రాసినాడే?" అని అడిగింది. ఆ మొహం చూసి నేను ఏదో తియ్యటిది అల్లి చెప్పాను. ప్రతిసారీ అంతే చేశాను. విన్నంతసేపూ మొహం వెలిగేది. తర్వాత మాత్రం, "మరి ఆయన్ని దార్లో సూస్తే నాకెందుకే బయ్యం ఏత్తది?" అనేది. సిగ్గయి ఉంటుందని నేను తేల్చేశాను. పన్నెండేళ్ళకే నాకు అన్నీ తెలుసు మరి.

అతను ఇంటికి రావడం మొదలుపెట్టాడు. ఎప్పుడూ మధ్యాహ్నమే, ఎప్పుడూ నాన్న సెకండ్ షిఫ్టు వారంలోనే. వడగాలికి వరసంతా తలుపులు వేసుకుని పడుకునే వేళ. మామ్మకు జామపళ్ళు తెచ్చేవాడు. సొంత కులం, పర్మనెంటు ఉద్యోగం, వంచిన తల ఎత్తడు. మామ్మ మురిసిపోయింది. నాన్నతో చెప్పింది. నాన్న కూడా మంచి కుర్రాడేనన్నాడు, అమ్మ రాగానే మాట్లాడుకుందామన్నాడు.

ఒక ఆదివారం మేమందరం సంతకు వెళ్ళి వచ్చేసరికి అత్త పడుకునే వెనక గది చీకటిగా ఉంది. దాని కిటికీకి బయటి నుంచి అడ్డంగా చెక్కపలకలు వేసి మేకులు కొట్టి ఉన్నాయి. ఆ కిటికీ అవతల ఖాళీ జాగాలో హాస్టలు కుర్రాళ్ళు బంతాట ఆడుకునేవారు. మామ్మ ఏమీ కంగారు పడలేదు. క్వార్టర్లలో మెయింటెనెన్స్ వాళ్ళు చెప్పకుండా వచ్చి తలుపులకు రంగు వేసిపోవడం, కుళాయి మార్చిపోవడం మామూలే. "కంపెనీవోల్లు ఏదో రిపేరు సేసుంటారు" అంది. నాన్న కూడా సరే, ఆఫీసులో అడుగుతానన్నాడు. ఊరు ఊరంతా కంపెనీదే అయినప్పుడు ఎవరు మేకు కొట్టినా కంపెనీయే కొట్టినట్టు. నాకు మాత్రం పలకలు చూడగానే హవేలీ కిటికీలు గుర్తొచ్చాయి. మర్నాడు బడి నుంచి వస్తుంటే శేఖర్ సైకిలు దిగి నా పక్కన నడిచాడు. "తూనే హీ తో కహా థా" అన్నాడు నవ్వుతూ. నువ్వే కదా చెప్పావు, చలిగాలి తగలకుండా అని. కిటికీ బయట నిలబడి అతను వింటున్నది టీవీ మాటలు కాదు, నా తెలుగు. వైశాఖమాసం అది. భిలాయిలో ఎండకు పిట్టలు రాలుతుంటే, చలిగాలట.

ఎవరికైనా చెప్పి ఉండాల్సింది. చెబితే ఉత్తరాల సంగతి బయటపడుతుంది, ఉత్తరాల సంగతి బయటపడితే నా అబద్ధాలు బయటపడతాయి. అందుకని నోరు మూసుకున్నాను. అన్నం సహించేది కాదు. వెనక తలుపు గడియకు గుడ్డపీలిక కట్టి, మధ్యాహ్నాలు దాన్నే చూస్తూ కూర్చునేదాన్ని. అత్తకు ఏమవుతుందో అన్న భయం ఒకటి, నన్ను ఏం చేస్తారో అన్న భయం ఒకటి. నిజం చెప్పాలంటే రెండోదే పెద్దది. చీకటిపడ్డ ఆ గదిలో అత్త రోజురోజుకీ మాట తగ్గించేసింది. కుట్టు క్లాసుకు వెళ్ళనంది. ఎందుకని ఎవరూ అడగలేదు. పెళ్ళి కాబోయే పిల్లకు ఆ మాత్రం బిడియం ఉంటుందని మామ్మ సంతోషించింది.

ఆ మధ్యాహ్నం శేఖర్ సంబంధం అడగడానికే వచ్చాడు. మామ్మ మంచం మీద, అతను కుర్చీలో, నేను ఇద్దరికీ మధ్య పీట మీద. అత్త వంటింటి గుమ్మం వెనక. మామ్మ చుట్ట తీసి అంది, "అడగవే. పెల్లయినాక మా పిల్ల కుట్టు నేర్సుకోడానికి ఎల్లొచ్చా? మా ఇంటికి అప్పుడప్పుడు పంపిస్తాడా?"

నేను నోరు తెరవకముందే అతనికి ప్రశ్న అర్థమైంది. తల వంచుకుని, గొంతు పెంచకుండా, దణ్ణం పెడుతున్నంత నెమ్మదిగా హిందీలో చెప్పాడు. బయటికి వెళ్ళాల్సిన అవసరం ఆమెకు ఉండదు. షిఫ్టుకు వెళ్ళేటప్పుడు నేను బయట తాళం వేసుకుని వెళతాను, వచ్చి తీస్తాను. ఆమె నాకు దక్కకపోతే ఆ మొహం ఇంకెవరూ చూసేలా ఉంచను. చెప్పి నా వైపు చూశాడు, ఇక నువ్వు కానీ అన్నట్టు. నా తియ్యటి తెలుగు మీద అతనికి అంత నమ్మకం.

గుమ్మం వెనక అత్త గాజులు కదిలాయి. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. అతను చెప్పింది చెప్పినట్టు, ఒక్క ముక్క మార్చకుండా చెప్పేశాను.

మామ్మ చేతిలో చుట్ట నేలకు నొక్కి ఆర్పింది. "మల్లీ సెప్పు" అంది.

మళ్ళీ చెప్పాను. ఈసారి కిటికీ సంగతి కూడా చెప్పాను. శేఖర్ నవ్వాడు. నా వైపు వంగి, నాకొక్కదానికే వినపడేలా, "పెహలే తో తూ అచ్ఛా బోల్తీ థీ" అన్నాడు. ఇంతకుముందు నువ్వు బాగా చెప్పేదానివి అని. నా జీవితంలో ఎవరూ నన్ను అంతగా భయపెట్టలేదు.

మామ్మ లేచి నిలబడింది. "బాబూ, నీ బాస నాకు రాదు. నా బాస నీకు తెలుస్తాది కదా, ఇను. మా పిల్లని నీకియ్యం. లెగు." అతను లేవలేదు. అప్పుడావిడ వీధి తలుపు బార్లా తెరిచి, శ్రీకాకుళం పొలాల్లో పిలిచే గొంతుతో వరసలో ఆడవాళ్ళందరినీ పేరుపేరునా పిలిచింది. మధ్యాహ్నం నిద్రల్లోంచి తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. అతను లేచి, చెప్పులు వేసుకుని, సైకిలు తీసుకుని నెమ్మదిగా వెళ్ళాడు.

వెళ్ళడమంటే రోడ్డు దాకా. ఆ మర్నాటి నుంచి పదకొండు రోజులు మా ఇంటికి ఎదురుగా రోడ్డవతల నిలబడ్డాడు. ఏమీ అనడు. చూస్తాడు. నాన్న తోటివాళ్ళకూ పెద్దవాళ్ళకూ చెప్పుకున్నాడు. "పాపం, ప్రేమించాడు, అంతే కదా, చెయ్యి చేసుకున్నాడా ఏమన్నానా" అన్నారు. పన్నెండో రోజున నాన్న సెలవు పెట్టి అత్తను రైలెక్కించి ఊరికి తీసుకుపోయాడు. మూడు నెలల్లో రాయగడలో రైల్వే ఉద్యోగికిచ్చి పెళ్ళి చేశారు. కుట్టుపని సగంలోనే ఆగిపోయింది. మామయ్య మంచివాడు. ఉప్పు ఎక్కువైందని గాని, కూర బాగుందని గాని నోరు తెరిచి అనని మంచితనం. ఆయన పోయాక కొడుకు ఉద్యోగం ఇక్కడ కనుక అత్త మళ్ళీ భిలాయి చేరింది.

నాకు దెబ్బలు పడలేదు. ఉత్తరాల గురించి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. సీరియల్ చివరి భాగం అత్త వెళ్ళిపోయాక వచ్చింది. ఆ పిల్ల హవేలీ మేడ మీది నుంచి పడి చనిపోతుంది, హవేలీబాబు ఆమె పటం ముందు కొవ్వొత్తి వెలిగిస్తాడు. చాప మీద ఆడవాళ్ళు అతని కోసం వెక్కి వెక్కి ఏడ్చారు. పిల్ల కోసం కాదు. మామ్మ చుట్ట తీయలేదు, ఏటన్నాడని అడగలేదు.

టీ గ్లాసులతో ముందు గదిలోకి వచ్చేసరికి సీరియల్ ఆగి ఉంది. పీహూ ఫోనులో ఎవరో అబ్బాయికి తను ఎక్కడుందో పంపిస్తోంది. గంటగంటకీ పంపకపోతే అతను బెంగపడతాడట. గ్లాసులు కింద పెట్టేశాను. ప్రేమో పిచ్చో తేల్చడానికి నాకిప్పుడు ఒక్కటే కొలత. అవతలి మనిషిని ఏమైనా అడిగారా, జవాబు కోసం ఆగారా? హవేలీబాబు అడగలేదు, శేఖర్ అడగలేదు. మేమూ అడగలేదు. అతని మాటలన్నీ నేను అత్తకు చేరవేశాను. అత్త మాట ఒక్కటైనా అతనికి చేరవేయమని నన్ను ఎవరూ పంపలేదు. ఆ కొలత సంగతి పీహూకి హిందీలో చెప్పాను. "మీ నానమ్మను అడుగు, ఆవిడ చెబుతుంది" అన్నాను. అది ఫోను బోర్లించి నానమ్మ వైపు చూసింది.

వరమత్త చూస్తున్నది నన్ను. "మరయితే ఆ కాయితాలు కూడా అంతేనేటి పాపా?" అంది.

ఇక దాచడానికి ఏముంది. అంతేనన్నాను. ఒక్కటీ అతను రాసింది చెప్పలేదన్నాను. అత్తా, తప్పయిపోయింది అని చేతులు పట్టుకున్నాను.

ఆవిడ చిక్కుడుకాయల పళ్ళెం పక్కకు జరిపింది. "నువ్వు నడిసిన దారి మీద సైకిలు తొక్కబుద్ధి కాక దిగి నడిపించుకుంటూ పోతన్నాను అని రాసినాడన్నావు. అది?"

"అది నాదే అత్తా."

"నీదా." మెల్లగా తల ఊపింది. "మీ మామయ్య ఏనాడూ ఒక మాటనీసేవోడు కాదు. రాయగడలో అంట్లు తోముకుంటా ఆ మాట తలుసుకునీదాన్ని. అంత బయపెట్టినోడి మాట తలుసుకుంటన్నానేటి అని నన్ను నేనే తిట్టుకునీదాన్ని. నలబై ఏల్లు తిట్టుకున్నాను." నా దగ్గరకు జరిగి, "ఇంకా ఏటేటి సెప్పీదానివే? ఇంకోటి సెప్పు" అంది.

గుర్తు చేసుకోవాలని చాలా ప్రయత్నించాను. పన్నెండేళ్ళ వయసులో బొప్పాయి చెట్టు కింద నేను అల్లిన మాటలు ఒక్కటీ మిగల్లేదు. అతను రాసినవి మాత్రం అక్షరం పొల్లుపోకుండా, వరసగా నాలుక మీదికి వచ్చాయి. అత్త నా నోటి వైపు చూస్తూ ఎదురుచూస్తోంది. నేను నోరు గట్టిగా మూసుకున్నాను.